చచ్చిన కాలేజీలో మన ఊరి పేరు

"మెడ్రాసు మ్యూజియంలో ఏముంటాయబ్బా, అరవోళ్ల విగ్రహాలు తప్ప! మనవేం లేవాడ."

నెల్లూరులో ఒక పెళ్లి బంతిలో ఈ మధ్య వినబడ్డ మాట ఇది. అన్న పెద్దమనిషి చెన్నైకి కొత్తవాడేం కాదు. ఆస్పత్రి అనీ, పట్టుచీరలనీ, ఎయిర్‌పోర్టు అనీ ఏటా అయిదారుసార్లు పోయొచ్చే మనిషే. బంతిలో ఒక్కరూ కాదనలేదు. కాదనాలంటే చూసుండాలి గదా. ఎగ్మోర్ మ్యూజియం మనకు మూడు నాలుగు గంటల దూరం, అయినా మనవాళ్లు దానికోసమని బయల్దేరరు. స్కానింగ్ రిపోర్టు సాయంత్రం ఇస్తామంటే, అందాకా పిల్లల్ని ఎక్కడ తిప్పాలో తెలీక పోతారు. గంటలో అన్ని గదులూ చుట్టేసి, తిమింగలం ఎముకల గూడు ముందు ఒక ఫోటో దిగి బయటపడతారు. గుళ్లో ప్రదక్షిణ అయినా ఇంకొంచెం నిదానంగా చేస్తాం.

పెద్దమనిషి మాట తప్పు. ఎంత తప్పో చెప్పాలంటే మ్యూజియం చూసే పద్ధతి గురించే మాట్లాడాలి. నా వాదన ఇదీ: వస్తువు పేరు, శతాబ్దం, రాజవంశం, ఇవన్నీ తర్వాత. లేబుల్లో అన్నిటికంటే చివర, చిన్నక్షరాల్లో, ఎవరూ చదవని ఒక మాట ఉంటుంది: దొరికిన చోటు. ముందు చదవాల్సింది దాన్ని.

మద్రాసు జనం వెనకటికి ఈ మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జూని బతికిన కాలేజీ అనీ అనేవాళ్లు. 1855లో ఆ జూ మొదలైంది కూడా మ్యూజియం ఆవరణలోనే. దొరికిన చోటు చదవకుండా తిరిగితే ఆ పేరు నిజమే అనిపిస్తుంది. గాజు వెనక పాత సామాను, అంతే.

హైదరాబాదు సాలార్‌జంగ్‌తో ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ గంట కొట్టే బొమ్మ కోసం గడియారం ముందు జనం గుమిగూడతారు, ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర నోరు తెరుచుకుని నిలబడతారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ అదంతా ఒక గొప్పింటివాళ్లు ముచ్చటపడి కొనుక్కున్న సరుకు. ఎక్కడ కొన్నారన్నది వాళ్ల జమాఖర్చు. ఎగ్మోర్‌ది వేరే దారి. 1851లో మద్రాసు లిటరరీ సొసైటీ ఇచ్చిన 1,100 రాళ్లూ ఖనిజాల నమూనాలతో మొదలైన మ్యూజియం అది. ఆ తర్వాత తెల్లవాళ్ల నాటి మద్రాసు ప్రెసిడెన్సీ నేలలో తవ్వినది, దున్నుతుంటే బయటపడింది, కలెక్టర్లు పంపింది అక్కడికి చేరుతూ వచ్చింది. 1953 దాకా ఆ నేలలో మన నేల కూడా ఉంది.

శుక్రవారం గండం

ముందు పోవడం సంగతి. మనవాళ్లు పెళ్లి చీరలకు మంచిరోజని శుక్రవారం చూసుకుని బయల్దేరతారు. ఎగ్మోర్ మ్యూజియానికి సెలవు సరిగ్గా శుక్రవారమే. పాంథియన్ రోడ్డులో గేటు చూసి వెనక్కొచ్చిన నెల్లూరు కుటుంబాలు తక్కువేం కాదు. సాలార్‌జంగ్‌కీ, అమరావతిలోని కేంద్ర పురావస్తుశాఖ మ్యూజియానికీ కూడా శుక్రవారమే సెలవు. ఢిల్లీ, కలకత్తాల్లోని పెద్ద మ్యూజియాలకు సోమవారం. ఈ రెండు వారాలూ గుర్తుంటే సగం ప్రయాణాలు పాడుకాకుండా ఉంటాయి.

తెరిచేది ఉదయం 9.30కి, మూసేది 5కి. నాలుగు దాటాక పోవడం టికెట్టు దండగ. తెల్లవారుజామున నెల్లూరు మీదుగా పోయే బండెక్కితే సెంట్రల్లో దిగి, టిఫిను చేసి, తెరిచే వేళకు చేరొచ్చు. సెంట్రల్ నుంచి మ్యూజియం రెండు మూడు కిలోమీటర్లే. చార్మినార్ లాంటి బండి ఎగ్మోర్ మీదుగానే తాంబరం పోతుంది కాబట్టి అక్కడ దిగితే నడక దూరం. అయితే స్టేషన్ పనులు జరిగే రోజుల్లో బళ్లను మళ్లిస్తుంటారు, ముందురోజు చూసుకోండి. సామాను క్లోక్‌రూములో పెట్టాలంటే సంచికి తాళం ఉండాలి, రైలు టికెట్టు చూపాలి. గుడ్డసంచీలు, షాపు కవర్లు తీసుకోరు. అందుకే మ్యూజియం ముందు, చీరలు తర్వాత. ఎగ్మోర్‌లో లోకల్ రైలెక్కితే చేట్‌పట్, నుంగంబాకం, కోడంబాకం, ఆ తర్వాత మాంబళం. దిగితే టీ నగరే. ఈ వరస తారుమారు చేసినవాళ్లు ఆరేడు సంచులతో గేటు దగ్గర నిలబడి, ఒకరు కాపలా ఉండి తక్కినవాళ్లు లోపలికి పోయే ఏర్పాటు చేసుకుంటారు. కాపలా ఉండేది ఎప్పుడూ ఇంటి ఆడమనిషే. అదో దరిద్రం.

ఆరు భవనాలు, 46 గ్యాలరీలు. ఏదో ఒక బ్లాకు మరమ్మతుల పేరుతో మూసే ఉంటుంది. టికెట్టు తీసుకునేటప్పుడే "అమరావతి గ్యాలరీ, కంచు విగ్రహాల గ్యాలరీ తెరిచున్నాయా" అని అడగండి. మొదటిదాంట్లో ఉండేవి అమరావతి బౌద్ధ స్తూపం రాళ్లు. రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. మొదటిదానికి ముప్పావుగంట, బయటికొచ్చి చెట్టుకింద కాసిని నీళ్లు తాగి, రెండోదానికి ముప్పావుగంట. ఇంతకు మించి పెట్టుకోవద్దు. రాతినేల మీద గంటా గంటన్నర నిలబడ్డాక కళ్లు లేబుల్ మీద ఉంటాయి గానీ మనసు కాళ్ల మీద ఉంటుంది. పిల్లలుంటే తిమింగలాన్ని ముందే చూపించేయండి. ఆఖర్న చూపిద్దామని ఆశపెడితే ప్రతి గదిలోనూ "ఇంకా ఎంతసేపు" అంటారు.

జిల్లా పేరుతో చిక్కు

లేబుళ్లు అరవంలో, ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు ఉండదు. అది మొదటి చిక్కు, కానీ చిన్నది. ఇంగ్లీషు కూడబలుక్కునే పిల్లవాడు ఒకడు చాలు. అసలు చిక్కు జిల్లా పేర్లతో. పాత మ్యూజియం లేబుళ్లలో, కేటలాగుల్లో ఉండేది వస్తువు చేరిన నాటి జిల్లా, ఇవాళ్టిది కాదు.

ప్రకాశం జిల్లావాళ్లు "ప్రకాశం" అని వెతికితే ఒక్కటీ దొరకదు. ఆ జిల్లా పుట్టిందే 1970లో, అదీ ఒంగోలు జిల్లా అన్న పేరుతో. అంతకుముందు ఒంగోలు, అద్దంకి గుంటూరువి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరువి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. ఇంకా వెనక్కిపోతే 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా నెల్లూరుదే. కాబట్టి గిద్దలూరు మనిషి కర్నూలు కింద వెతకాలి. ఒంగోలు మనిషి గుంటూరు కింద ఒకసారి, వస్తువు 1904కి ముందు చేరిందైతే నెల్లూరు కింద ఇంకోసారి. అమరావతి సంగతే చూడండి: గుంటూరు, తర్వాత కృష్ణా, మళ్లీ గుంటూరు, 2022 నుంచి పల్నాడు. స్తూపం కదల్లేదు, జిల్లాలే దాని మీదుగా నడిచిపోయాయి.

పోయేముందు ఒక కాయితం మీద మీ ఊరు, పాత తాలూకా, 1904కి ముందు జిల్లా, 1970కి ముందు జిల్లా రాసుకోండి. పాత ఇంగ్లీషు స్పెల్లింగులు కూడా వింతగా ఉంటాయి కాబట్టి కళ్లతో కాకుండా నోటితో చదవండి. పైకి పలికితే ఊరు పట్టుబడుతుంది.

ఫోటోలకూ ఒక వరస ఉంది. ముందు లేబుల్, తర్వాత వస్తువు, తర్వాత దగ్గరి భాగాలు. ఎప్పుడూ లేబులే ముందు. వస్తువు ముందు తీసి లేబుల్ తర్వాత తీస్తే, ఇంటికొచ్చాక నలభై ఫోటోల్లో ఏ లేబుల్ ఏ రాయిదో తేలదు. ఫ్లాష్ వద్దు. గాజుమీద మెరుపు పడుతుంటే ఫోన్ను గాజుకు ఆనించి కొంచెం పక్కకు తిప్పండి.

నాళాగిరి ముందు పావుగంట

అమరావతి గ్యాలరీలో ఒక గుండ్రటి పలక ఉంది. మదమెక్కిన నాళాగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసిన కథ. చాలామంది దీని ముందు నిలబడేది పది సెకన్లు, "ఏనుగు" అనుకుని కదిలిపోతారు. అది పాలరాయి కూడా కాదు, పల్నాటి సున్నపురాయి. లోతు తక్కువ చెక్కడం కాబట్టి ఎదురుగా నిలబడితే అంతా ఒకే బూడిదరంగులో కలిసిపోతుంది. ఒక అడుగు పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి, నీడలు లేచి బొమ్మలు విడివడతాయి. అప్పుడు తెలుస్తుంది, అందులో ఏనుగులు రెండు. నిజానికి రెండూ ఒకటే ఏనుగు. ఒక పక్క వీధిలో జనాన్ని తొక్కుతూ, తొండంతో విసురుతూ ఉంది. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగి ఉంది. చెక్కినవాడు మధ్యలో గీత గియ్యలేదు, గళ్లు కట్టలేదు. మేడ మీద కిటికీల్లోంచి తొంగిచూసే మొహాల్ని చూడండి. కింద భయంతో వెనక్కి ఒరిగిన ఆడమనిషిని చూడండి. రథోత్సవం నాడు మిద్దెలెక్కి చూసే వీధికీ దీనికీ పెద్ద తేడా లేదు.

దాని తర్వాత భిక్షాపాత్ర పలక. బుద్ధుడి పాత్రను దేవలోకానికి మోసుకుపోతున్నారు. మధ్యలో పాత్ర, చుట్టూ గాల్లో తేలే మనుషులు. ఒక్క ఒంటి వంపు కూడా ఇంకోదానిలా ఉండదు.

ఇక రాతలు. పలకల అంచున, స్తంభాల మీద బ్రాహ్మీ అక్షరాలుంటాయి. భాష ప్రాకృతం. చదవలేం గానీ ఒక్క మాట పట్టుకోవచ్చు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ గుట్టు విప్పింది కూడా ఆ మాటతోనే. సాంచీ రాతలన్నీ ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయని చూసి, ఇది "దానం" అయ్యుండాలని ఊహించాడు. నిలువుగీత, దాని అడుగున అడ్డగీత, అంటే ఇంగ్లీషు టీ అక్షరాన్ని తలకిందులు చేసినట్టుంటే అది "న". పక్కన చుక్క ఉంటే "నం". తర్వాతికాలపు రాతల్లో ఆ అడ్డగీత కొంచెం వంగుతుంది. అమరావతిలో "దానం" బదులు "దేయధమ" అని కూడా రాశారు కాబట్టి ప్రతి రాయి మీదా దొరకదు. దొరికినప్పుడు మాత్రం పిల్లలు వదలరు, గదంతా వెతుకుతారు.

ఇచ్చినవాళ్లు ఎవరనుకున్నారు? రాజులు తక్కువ. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, సంసారులు. ఒక శాసనంలో విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, బిడ్డలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను దానమిచ్చాడు. ఈ మధ్య ప్రతి సర్కారీ పత్రం మీదా కనబడే పూర్ణకుంభమే అది.

మరి వెనక్కి ఇవ్వాలి గదా

ఇక్కడ మంచి ప్రశ్నే వస్తుంది. దొరికిన చోటే ముఖ్యమైతే, ఆ రాళ్లు దొరికిన చోట ఉండాలి గాని చెన్నైలో ఎందుకు? ఈ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు లేదు.

నెల్లూరు నాణేల కథ ఒకవైపు లాగుతుంది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటికల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టీనా రాణివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మాడు. చాలా వాటిని కరిగించేశారు. నవాబు అమీరుల్ ఉమ్రా చేతికి చిక్కినవి ముప్పైకి పైచిలుకు. ఆ రైతుది తప్పనలేం. అప్పటికి మ్యూజియం లేదు, పాతర సొమ్ము చట్టం లేదు. ఆ చట్టం 1878లో వచ్చింది: పది రూపాయల విలువ దాటిన పాతర దొరికితే కలెక్టరుకు చెప్పాలి. చోళుల కంచు విగ్రహాలు చాలావరకు ఎగ్మోర్ చేరింది ఆ చట్టం దారిలోనే. మ్యూజియం లేకపోతే ఏమయ్యేవో నెల్లూరు నాణేలే చెబుతున్నాయి.

అమరావతి కథ రెండోవైపు లాగుతుంది. 1797 ప్రాంతంలో కల్నల్ మెకంజీ అనే సర్వే అధికారి చూసేనాటికే స్తూపం దిబ్బను ఇళ్లకోసం, చెరువు మెట్లకోసం తవ్వుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. చేరి, ఏళ్లతరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడున్నాయి. 1859లో 120 దాకా రాళ్లు ఓడెక్కి లండన్ పోయాయి, ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాల్లో వచ్చి మద్రాసులో మిగిలినవాటిని భద్రం చేశామనుకుని గ్యాలరీ గోడల్లో పొదిగి ప్లాస్టరు, సిమెంటు వేశారు. సున్నపురాయికి ఇంతకంటే అపకారం లేదు. గోడలోని చెమ్మ రాయిలోకి ఎక్కుతుంది, దాంతోపాటు లవణాలూ ఎక్కుతాయి. చెమ్మ ఆరినప్పుడు లవణం పైపొర కింద స్ఫటికమై ఉబ్బుతుంది. ఉబ్బిన పొర పెచ్చులుగా రాలుతుంది. ఇంటి గోడకు పునాది దగ్గర ఉప్పు పూసి సున్నం రాలడం అందరం చూసిందే, అదే జబ్బు. ఊడదీద్దామంటే సిమెంటుతో పాటు రాయీ వస్తుంది. చెక్కడం అంచుల్లో మసకబారిన చోట్లు, పొడి రాలిన చోట్లు కనబడితే అది రెండువేల ఏళ్ల పాతదనం అనుకోకండి. అందులో కొంత వందా నూటయాభై ఏళ్ల నిర్వాకం.

కాబట్టి "తీసుకుపోయారు" అనేవాళ్ల మాటలో నిజముంది, "కాపాడారు" అనేవాళ్ల మాటలోనూ నిజముంది. ఈ తగువు తీరేదాకా చూడకుండా కూర్చోవాలా అన్నది మాత్రం నాకు అర్థం కాదు. వెనక్కి తేవాలని గట్టిగా అరిచేవాళ్లలో ఎంతమంది ఆ రాళ్లను ఒకసారైనా చూసుంటారు? ఒంగోలుకు అంత దగ్గర్లో కనుపర్తి మ్యూజియం ఉందిగదా, దానికి ఎంతమంది పోయారు?

చందవరం పలక

దొరికిన చోటు అనేది ఊరి అభిమానానికి సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు, ఆస్తికి దస్తావేజు లాంటిది. దీనికి మన ప్రకాశం జిల్లా రాయే సాక్ష్యం. దొనకొండ దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం. అక్కడి పలక ఒకటి, బుద్ధుణ్ణి కొలిచేవాళ్లను చెక్కింది, దొంగల చేతుల్లో పడి సముద్రాలు దాటింది. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని న్యూయార్కు వ్యాపారి దగ్గర కొన్నది. చందవరంలో ఉండగా తీసిన ఫోటో బయటపడ్డాక వాళ్లకు ఇవ్వక తప్పలేదు. 2016లో మన దేశానికి అప్పజెప్పారు.

ఎవరో ఒకరు ఆ రాయి అక్కడుండగా ఫోటో తీసి, పేరు రాసి పెట్టుకోబట్టి వచ్చింది. ఫోటో లేని రాళ్లు ఎన్ని ఏ గోడలకు వేలాడుతున్నాయో. లేబుల్‌ని ముందు ఫోటో తియ్యమన్నది ఇందుకు కూడా. మీ ఊరి శివాలయం పక్కన వేపచెట్టు కింద పడున్న నాగరాయికీ, వీరగల్లుకూ అదే పని చెయ్యొచ్చు. స్కేలు బదులు పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఎదురుగా ఒకటి, రెండు పక్కలా రెండు, రాత ఉంటే ఏటవాలు వెలుతురులో ఒకటి. పొద్దున ఏడు లోపల గానీ సాయంత్రం అయిదు తర్వాత గానీ తియ్యాలి. పసుపు కుంకుమ పూసుంటే కడగొద్దు, ఉన్నది ఉన్నట్టు తియ్యండి.

నటరాజుది ఏ జిల్లా

చివరికి నా వాదనకే ఎదురు తిరిగే గది ఒకటుంది, కంచు విగ్రహాలది. మన జిల్లాల పేర్లే వెతుక్కుంటూ పోతే ఇక్కడ గబగబా దాటేసి బయటికి రావాలి. అట్లా చేసినవాడు మూర్ఖుడు. తిరువాలంగాడు నటరాజు ఉన్నది అక్కడే. రోడిన్ అంతటి శిల్పి ఫోటోలు మాత్రమే చూసి 1913లో వ్యాసం రాసింది ఆ విగ్రహం మీదనే. చుట్టూ ఉండాల్సిన జ్వాలావలయం పోయింది. పోవడం వల్లే ఒంటి విసురు మొత్తం కనబడుతుందని నాకనిపిస్తుంది.

కంచు విగ్రహాన్ని ముందునుంచి చూసి కదలకండి. మన రంగనాయకుల గుళ్లోనైనా, ఎక్కడైనా, ఉత్సవమూర్తిని పట్టుబట్టల్లో, పూలలో తప్ప చూసి ఎరగం. మొహం, చేతులు, పాదాలు, అంతే తెలుసు. ఇక్కడ వెనక్కి పోయి వీపు చూడొచ్చు. వెన్నెముక గాడి, జడ ముడి, నడుం మీది కట్టు. గర్భగుడిలో ఎవరికీ కనబడని వైపు కూడా ముందువైపంత శ్రద్ధగా చేశారు. తర్వాత పీఠం చూడండి. ఊరేగింపులో వాహనానికి బిగించడానికి పెట్టిన కొంకులు, కర్రలు దూర్చే కన్నాలు ఉంటాయి. మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, కాల్చి, మైనం కారిపోయిన చోట లోహం పోసినవి ఇవి. అచ్చు పగలగొడితేగాని విగ్రహం రాదు కాబట్టి రెండో కాపీ ఉండదు.

అన్నీ చూశాక, దొరికిన చోటు దగ్గరకు రండి. తిరువాలంగాడు ఇవాళ తమిళనాడులో తిరువళ్లూరు జిల్లా. కానీ ఆ ఊరుండే తిరుత్తణి తాలూకా 1960 దాకా ఆంధ్రలోనే ఉంది. మద్రాసు మ్యూజియం 1932లో వేసిన లోహవిగ్రహాల కేటలాగులో ఈ నటరాజు ఊరి పక్కన ఉన్న జిల్లా పేరు చిత్తూరు.

బంతిలో పెద్దమనిషి మళ్లీ కలిస్తే, అరవోళ్ల విగ్రహమని ఆయన చెప్పింది దీని గురించేనా అని అడగాలి.